పదకొండోవాడు

ఎల్క్‌బెండ్, నెబ్రాస్కా
21 సెప్టెంబరు 1953

చెల్లాయ్ లిబ్బీకి,

అయినా కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి పదిహేడు మందిని పెట్టుకుని ఏం చెయ్యమంటావు? నేను కోచ్‌ని కాదు, మైదానంలో గడ్డి కోసి సున్నం గీతలు గీసేవాణ్ణి. నా మాట ఎవరడిగారు గనక. నిరుటి దాకా దాడికి పదకొండు మంది, కాపుకి వేరే పదకొండు మంది అని మార్చుకుంటూ దర్జాగా ఆడేవాళ్ళు. ఈ ఏడు రూళ్ళు రాసే పెద్దమనుషులు అది కుదరదన్నారు. బంతి పట్టుకుని దూకేదీ వాడే, అవతలివాణ్ణి ఆపేదీ వాడే. ఆటకి నాలుగు క్వార్టర్లు గదా, ఒక క్వార్టర్ మధ్యలో బయటికొచ్చినవాడు ఆ క్వార్టర్లో మళ్ళీ దిగడానికి లేదు. ఆట ఆఖరి నాలుగు నిమిషాలకి మాత్రం దయ తలిచి సడలించారు. పెద్ద కాలేజీలు లబోదిబోమంటున్నాయట. మన కోచ్ డన్‌లప్ మాత్రం, మనకి మార్చడానికి మనుషులు ఎప్పుడున్నారు, ఇన్నాళ్ళకి లోకమంతా మన అంతస్తుకి దిగింది అని మురిసిపోతున్నాడు.

మొన్న శనివారం సెడార్ హిల్ వాళ్ళు బస్సులోంచి దిగుతుంటే లెక్కపెట్టాను. నలభై రెండు మంది. మనవాళ్ళు దిగడానికి బస్సు అక్కర్లేదు, ఎడ్లబండి చాలు. తీరా ఆట మొదలయ్యాక, లిబ్బీ, మొదటి నిమిషం నుంచి అరవయ్యో నిమిషం దాకా అవే పదకొండు మొహాలు. చివరికి ఏ మొహం ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేదు, అంత మట్టి. గెలిచారు. నేను ఈ మైదానంలో ముప్ఫై ఏళ్ళుగా గీతలు గీస్తున్నాను. ఆ గీతల మధ్య అలాంటిది జరుగుతుందని నాకూ తెలియదు.

నీ కొడుకు మిలో క్షేమం. పశువైద్యం పుస్తకాల కంటే మీ వదిన గసగసాలు పెట్టి కాల్చే కొలాచీ రొట్టెల మీద వాడికి శ్రద్ధ ఎక్కువ. నీ షరతు గుర్తుంది. వాడు బంతి వైపు వెళ్ళలేదు. ఆట రోజు వదిన పక్కన బుద్ధిగా కూర్చుంటాడు.

వదిన భుజం మీదుగా చదివి, ఆట తప్ప ఇంకేమీ రాయవా అంటోంది. ఇంకేముంది రాయడానికి. వానా లేదు, మొక్కజొన్నకి ధరా లేదు.

ఎమిల్

*

ఆస్టోరియా, ఆరెగాన్
30 సెప్టెంబరు

అన్నయ్యా,

మూడు పేజీల ఉత్తరంలో నా కొడుక్కి దక్కింది అయిదు వాక్యాలు. అందులో ఒకటి కొలాచీల గురించి.

"బంతి వైపు వెళ్ళలేదు" అని రాశావు. అలా ప్రత్యేకంగా చెప్పావంటే చూపులు వెళ్తున్నాయన్న మాట. నువ్వు వాడికి సర్దిచెప్తున్నావో నాకు సర్దిచెప్తున్నావో తెలియడం లేదు.

లుడ్విక్ అన్నయ్య సంగతి మిలోకి నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేకపోయాను. నువ్వు చెప్పు. ఇరవయ్యారులో ఆ మైదానంలోనే తలకి దెబ్బ తగిలిందని, దెబ్బ తగిలాక కూడా ఆట చివరిదాకా ఆడాడని, తన కాళ్ళ మీదే ఇంటికి నడిచొచ్చి, మర్నాడు పొద్దున అమ్మని చూసి "మీరెవరండీ" అన్నాడని. నేనప్పుడు పదిహేనేళ్ళ పిల్లని. వాడు పోయేదాకా ఆరేళ్ళు చెంచాతో తినిపించాను. నువ్వు పొద్దున్నే పనికి పోయి సాయంత్రం వచ్చేవాడివి. మధ్యలో పగలు ఎంత పొడుగుంటుందో నాకు తెలుసు.

మిలోని నీ దగ్గరికి పంపింది చదువుకి. ఆ కాలేజీ తప్ప వేరేదానికి మాకు తాహతు లేక పంపాను. ఆ ఊరంటే ఇష్టమయ్యి కాదు.

ఇక్కడ చేపల కాలం ఊపందుకుంది. చేపలు డబ్బాలకెత్తే కేనరీలో పన్నెండు గంటలు నిలబడుతున్నాను. ఇంటికొచ్చి చేతులు ఎంత తోమినా పిల్లి నన్ను వదలదు. మీ బావ పడవలో వెళ్ళి తొమ్మిది రోజులైంది. ఉప్పు చేప పార్సెల్ చేశాను. పూర్తిగా ఒక రోజు నీళ్ళలో నానబెట్టాకే వండాలని వదినకి చెప్పు. పోయినసారి నువ్వు చెప్పడం మర్చిపోయావు, ఆవిడ నా మీద కోపం పెట్టుకుంది.

నీ చెల్లెలు
లిబ్బీ

*

ఎల్క్‌బెండ్
12 అక్టోబరు

లిబ్బీ,

కూర్చుని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదిది.

ముందు నా తప్పు చెప్తాను. మైదానం తడవకుండా ఆట ముందురోజు ఎండుగడ్డి పరిచి, పొద్దున్నే దంతెలతో లాగెయ్యడం మన ఊరి అలవాటే గదా. పది రోజుల కింద ఎడతెరిపి లేని వాన. రైతుల దగ్గర వరిగడ్డిలాంటి మెత్తని గడ్డి ఉంటే తెచ్చుకోవలసింది. బద్ధకించి వాగు పక్కన కోసిన గడ్డి తెచ్చి పరిచాను. అందులో పల్లేరు కాయలున్నాయి. గడ్డి దంతెకి వచ్చింది, కాయలు రాలేదు. ఆ శనివారం ఆట జరిగిన తీరు నువ్వు చూసుండాల్సింది. పడ్డవాడు పడ్డట్టే ఎగిరి లేస్తున్నాడు. రిఫరీ బంతి కింద పెట్టబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గెలిచామనుకో. కోచ్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడాడు, అంతకంటే మాట్లాడకపోవడమే నయం.

నవ్వు అక్కడితో అయిపోయింది. అప్పటికే గవదబిళ్ళలు నలుగురిని మంచాన పడేశాయి. ఒకడికి మణికట్టు విరిగింది. ఇప్పుడు పల్లేరు గుచ్చుకున్న మోకాళ్ళు చీము పట్టి ఇద్దరు ఆస్పత్రిలో చేరారు. మిగిలింది పది మంది. పదకొండు మంది లేకపోతే ఈ ఏటికి టీముని మూసేస్తామని కాలేజీ పెద్దలు తేల్చేశారు.

గురువారం కోచ్ మనింటికొచ్చాడు. ఫుట్‌బాల్ మాటే ఎత్తలేదు. ఆరు కొలాచీలు తిని, సంతలో కోడెని చూసినట్టు మిలో భుజాల వైపు చూసి వెళ్ళిపోయాడు. ఆయన గుమ్మం దాటాక మిలో, "మావయ్యా, నేను దిగుతాను" అన్నాడు.

నువ్వు చెప్పమన్నట్టే లుడ్విక్ సంగతి అంతా చెప్పాను. చెంచా సంగతి కూడా. వాడు తల వంచుకుని విన్నాడు. చివర్న ఒక్కటే అడిగాడు: "చిన్న మావయ్యని ఎవరూ బయటికి లాగలేదా?"

నేను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పనివాడికి వద్దనే నోరు ఎక్కడిది. మొన్న శనివారం వాడు దిగాడు. ముప్ఫై ఎనిమిదో నంబరు చొక్కా, పక్కటెముకల దగ్గర బిగుతు.

నిన్ను మెప్పించాలని రాయడం లేదు, చూసింది రాస్తున్నాను. మూడో క్వార్టర్లో వాడు బంతిని చంకలో ఇరికించుకుని కుడి గీత వెంబడి, నా ఎదురుగా, పరిగెత్తాడు. ముగ్గురు మీద పడ్డారు. ముగ్గురినీ మోసుకుంటూ ఇంకా తొమ్మిది గజాలు వెళ్ళాడు. దగ్గరగా విన్నాను, వాడి ఊపిరి తప్ప ఇంకేం వినపడలేదు. నా చేతిలో సున్నం బకెట్ ఉందని అది కాలి మీద పడేదాకా తెలియలేదు.

తిట్టు. ఎంత తిట్టినా తక్కువే.

ఎమిల్

*

ఆస్టోరియా
17 అక్టోబరు

అన్నయ్యా,

నాకు తొమ్మిది గజాల లెక్క అక్కర్లేదు.

ఊరు గెలవాలి, నువ్వు ఊళ్ళో కాలరెత్తుకు తిరగాలి. అందుకు నా కొడుకు కావాల్సొచ్చాడు. పల్లేరు కాయల్ని నమ్మాను గానీ, వాడు అడిగితే నువ్వు జవాబు చెప్పలేకపోయావంటే నమ్మను. "వద్దు" అన్నది చాలా చిన్న మాట. నీకు రాలేదు, అంతే.

నవంబరు ఒకటో తేదీకి రైలు టికెట్ ఇందులో పెట్టాను. వాణ్ణి స్టేషన్‌కి నువ్వే తీసుకెళ్ళు. వాడి చదువు వచ్చే ఏడు చూసుకుందాం. కేనరీలో పని ఇస్తామన్నారు.

లిబ్బీ

*

ఎల్క్‌బెండ్
26 అక్టోబరు

లిబ్బీ,

టికెట్ వాడి చేతిలో పెట్టాను. నీ ఉత్తరం కూడా చదవనిచ్చాను. వాడు టికెట్‌ని స్టేషన్‌కి తీసుకెళ్ళి నవంబరు పదహారుకి మార్పించుకొచ్చాడు. ఆఖరి ఆట పద్నాలుగున, గ్రాంట్‌ఫోర్డ్ వాళ్ళతో. "అమ్మకి నేను రాస్తాను" అన్నాడు. రాసి చింపి, రాసి చింపి, పొయ్యి రాజేసుకోడానికి వదినకి కాగితాలు కొదవ లేకుండా చేశాడు.

బలవంతాన రైలెక్కించగలను. వాడి బరువు నూట తొంభై పౌన్లు, నాది అందులో ముప్పాతిక, అయినా ఎక్కించగలను. కానీ వాడు వెళ్తే పదిమందీ ఆగిపోతారు. ఈ పదకొండు మంది ఇంతవరకు ఒక్క ఆట ఓడలేదు. మొన్న నాలుగో క్వార్టర్లో గస్ టోమ్షిక్‌కి ముక్కు పగిలితే, బయటికొస్తే మళ్ళీ దిగనివ్వరని, దూది కుక్కుకుని నోటితో ఊపిరి తీస్తూ ఆడాడు. ఊరంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. నిలబడ్డవాణ్ణి అందరికంటే ముందు మళ్ళీ కూర్చున్నాను.

ఎందుకో చెప్తాను. మీ వదినకి కూడా తెలియని సంగతి.

ఇరవయ్యారులో లుడ్విక్‌కి దెబ్బ తగిలాక వాడు గీత దగ్గరికొచ్చాడు. నేను అక్కడే నిలబడ్డాను. "అన్నయ్యా, తలలో తేనెటీగలు తిరుగుతున్నట్టుంది. వచ్చెయ్యనా?" అని అడిగాడు. అప్పుడూ ఇలాంటి రూలే, బయటికొస్తే ఇక అంతే. మూడు పాయింట్లు వెనకున్నాం. అందరూ మావైపే చూస్తున్నారు. నేను బకెట్లో నీళ్ళు వాడి మొహాన చల్లి, "ఇంకో పది నిమిషాలే గదా, ఆడు" అన్నాను.

అదీ సంగతి. ఎవరూ లాగలేదా అని మిలో అడిగితే నేనేం చెప్పను.

నువ్వన్నది నిజం, అది చిన్న మాటే. ఇరవయ్యేడేళ్ళుగా నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇక నువ్వు నాతో మాట్లాడకపోయినా తప్పు పట్టను. పద్నాలుగున మాత్రం గీత పక్కనే ఉంటాను.

ఎమిల్

*

ఎల్క్‌బెండ్
16 నవంబరు

లిబ్బీ,

ముందు ముఖ్యమైంది. మిలో బాగున్నాడు. ఈ పొద్దున డాక్టర్ చూశాడు, వాడి పేరు, నీ పేరు, వాళ్ళ నాన్న పడవ పేరు, అన్నీ తడుముకోకుండా చెప్పాడు. రెండు వారాలు రైలెక్కొద్దు, పుస్తకం ముట్టుకోవద్దు అన్నాడు డాక్టర్. రెండోదాన్ని వాడు చాలా నిష్ఠగా పాటిస్తున్నాడు.

నీ నుంచి జవాబు రాలేదు. రాకపోవడమే జవాబు అనుకున్నాను. అయినా చూసింది నీకు చెప్పాలి.

శుక్రవారం జానెడు మంచు పడింది. శనివారం పొద్దున నేను పార పట్టుకుని మైదానానికి వెళ్ళేసరికి ఊరు అక్కడే ఉంది. మూడొందల మంది ఉంటారు. ధాన్యం ఎత్తే చేటపారలు, చీపుళ్ళు, మంగలి హ్రుస్కా అయితే గడ్డం నురుగు గిన్నె. ఎవరూ పిలవలేదు. పదింటికల్లా గడ్డి కనపడింది, నేను గీతలు గీశాను. తెలుపు మీద తెలుపు గీసినట్టుంది.

నాలుగో క్వార్టర్ దాకా ఏడు-ఆరుతో మనదే పైచేయి. ఇంకో ఏడు నిమిషాలుంది. గ్రాంట్‌ఫోర్డ్ వాళ్ళ పెద్ద ఆటగాణ్ణి ఆపడానికి మిలో దూకాడు, వాడి మోకాలు మిలో తలకి తగిలింది. ఇద్దరూ లేచారు. మిలో ఒళ్ళు దులుపుకుని తిన్నగా నడిచి వెళ్ళి అవతలి జట్టు గుంపులో నిలబడ్డాడు. జనం నవ్వారు. వాళ్ళ కుర్రాళ్ళు కూడా నవ్వి, నీ ఇల్లు అటు అన్నట్టు చెయ్యి చూపించారు. వాడు కదల్లేదు, వాళ్ళ మాటలు శ్రద్ధగా వింటున్నాడు.

నేను గీత దాటాను.

రిఫరీ ఎదురొచ్చాడు. ఆ పల్లేరు కాయల రోజు వచ్చినాయనే. "ఎమిల్, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. మీ జట్టుకి పదిహేను గజాలు పోతాయి" అన్నాడు. రాసుకోండి అన్నాను. మిలో చెయ్యి పట్టుకున్నాను. "మావయ్యా, ఇక్కడ నిలబడమన్నారు" అన్నాడు. ఎవరన్నార్రా అంటే చెప్పలేకపోయాడు. వలలోంచి చేపని లాక్కొచ్చినట్టు లాక్కొచ్చాను. దారిలో గస్ టోమ్షిక్ నా భుజం తట్టి, "మీరు కూర్చోండి ఎమిల్ బాబాయ్. ఆ పక్క మేం చూసుకుంటాం" అన్నాడు.

మార్చడానికి మనిషి లేడు. పది మంది మిగిలారు.

మిలోని బెంచీ మీద కూర్చోబెట్టి వాడి బెల్టు పట్టుకున్నాను. మీ అమ్మ పేరేమిట్రా అంటే లిబుషే అని నీ పూర్తి పేరే చెప్పాడు. ఇవాళ ఏం వారం అంటే గురువారం అన్నాడు. నాలుగు నిమిషాలు మిగిలాయి. ఇప్పుడు మళ్ళీ దింపొచ్చు, రూలు ఒప్పుకుంటుంది. కోచ్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మిలో లేవబోయాడు. నేను బెల్టు వదల్లేదు. "కోచ్ గారూ, వీణ్ణి వారం అడగండి" అన్నాను.

ఆయన అడిగాడు. గురువారం అన్నాడు మిలో, చాలా మర్యాదగా. డన్‌లప్ తన టోపీ తీసి వాడి తల మీద పెట్టి, వట్టి తలతో మంచులోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతది నేను ఎలా చెప్పను లిబ్బీ. గ్రాంట్‌ఫోర్డ్ వాళ్ళు మన గోల్ గీతకి మూడు గజాల దూరం దాకా వచ్చారు. నాలుగు ప్రయత్నాలు వాళ్ళకి. పదకొండు మంది దూకడం, పది మంది ఆపడం. మొదటిసారి ఆపారు. రెండోసారి ఆపారు, ఆ కుప్పలోంచి లేవడానికి గస్‌కి ఇద్దరి సాయం కావాల్సొచ్చింది. మూడోసారి బంతి గీతకి జానెడు దూరంలో ఆగింది. అప్పటికి ఎవరూ అరవడం లేదు. రెండు వేల మంది ఉన్నచోట జెండా తాడు కర్రకి తగులుతున్న చప్పుడు వినపడింది. 

నాలుగోసారి దాటారు. మిలో ఉండాల్సిన చోటులోంచే దాటారు.

పన్నెండు-ఏడు. ఓడాం. గంట మోగాక ఆ పది మందీ బయటికి నడిచొస్తుంటే ఊరు చప్పట్లు కొట్టలేదు. మగవాళ్ళంతా టోపీలు తీశారు. గ్రాంట్‌ఫోర్డ్ కుర్రాళ్ళు రెండు వరసలుగా నిలబడి దారిచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు, చెప్పినట్టు కనపడలేదు.

ఊరికి దక్కకదక్కక దక్కిన ఏడాదిని నేను పాడుచేశాను. ఇవాళ హ్రుస్కా దగ్గరికి గడ్డానికి వెళ్ళాను, కత్తి వాడి చేతిలో ఉంటుందని తెలిసే. సగం గీశాక, "గెలిచుంటే చెప్పుకోడానికి ఒక కబురుండేది ఎమిల్. ఇప్పుడు రెండున్నాయి, ఆ పది మందిదీ నీదీ" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

నీకేం అనిపించినా రాయి. ఏమీ అనిపించకపోతే అదైనా రాయి.

ఎమిల్

*

ఆస్టోరియా
21 నవంబరు

అన్నయ్యా,

జవాబు రాయకపోవడం కోపం వల్ల కాదు. మూడుసార్లు మొదలుపెట్టాను. మిలో కాగితాలు చింపడం ఎక్కడ నేర్చుకున్నాడో నీకు తెలియాలి.

నువ్వు రాసిన సంగతి నాకు తెలుసు. ఇరవై మూడేళ్ళుగా తెలుసు.

లుడ్విక్ అన్నయ్యకి అప్పుడప్పుడు మబ్బు విడిచేది, గుర్తుందా? ఓ గంట మామూలుగా మాట్లాడేవాడు. నాలుగో ఏడు ఓ మధ్యాహ్నం గుమ్మం ముందు కూర్చోబెట్టి గడ్డం గీస్తున్నాను. ఉన్నట్టుండి అన్నాడు: "ఎమిల్ అన్నయ్య ఆడమన్నాడు గానీ లిబ్బీ, వద్దన్నా నేను ఆగేవాణ్ణి కాదు. వాణ్ణి తోసేసి వెళ్ళేవాణ్ణి. వాడు అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పకు, వాడికి సిగ్గేస్తుంది."

నువ్వు అడగలేదు. సాయంత్రం వచ్చి, వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, జోకులు చెప్పి నవ్వించి, పడుకోడానికి వెళ్ళిపోయేవాడివి. అడుగుతావని వాడు పోయేదాకా చూశాను. పోయాక కూడా చూశాను. ఇన్నేళ్ళూ నా కోపం నువ్వు ఆడమన్నందుకు కాదు, అడగనందుకు. నాకేమీ తెలియదని నువ్వనుకున్నావు, నీకు పట్టలేదని నేననుకున్నాను.

పదహారో తేదీ ఉత్తరం కేనరీలో, బల్ల దగ్గరే నిలబడి చదివాను. నువ్వు గీత దాటిన చోట ఆగిపోయాను. పక్కనున్న ఫిన్నిష్ ఆవిడ చేప కిందపడింది తీసుకో అంది. తీసుకోలేకపోయాను.

మిలో రైలెక్కకూడదన్నాడు గదా డాక్టర్. నేను ఎక్కుతున్నాను. డిసెంబరు రెండున దిగుతాను. మీ బావ తన వంట తనే చేసుకుంటాడు, భగవంతుడు కాపాడాలి. ఇల్లు సర్దొద్దని వదినకి చెప్పు. ఇరవై ఏళ్ళయింది, ఉన్నది ఉన్నట్టు చూడాలని ఉంది.

లిబ్బీ

*

ఎల్క్‌బెండ్
2 డిసెంబరు

లిబ్బీ,

ఇది తెలివితక్కువ ఉత్తరం. పోస్టులో వేస్తే నువ్విక్కడ ఉండగా అక్కడికి చేరుతుంది. అయినా రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నేను జోకు వేసేస్తానని నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నీ ఉత్తరం అందిన రోజు మైదానానికి వెళ్ళాను. పని లేదు, ఊరికే. మంచు మీద ఒక్క గీత లేదు, ఒక్క అడుగు లేదు. లుడ్విక్ నన్ను తోసేసి వెళ్ళేవాడా అని అక్కడ నిలబడి చాలాసేపు చూశాను. వెళ్ళేవాడే. వాడి మోచెయ్యి నా ఛాతీకి తగిలినట్టే అయింది. యాభై రెండేళ్ళవాణ్ణి, ఖాళీ మైదానంలో ఒక్కణ్ణే నిలబడి నవ్వాను. ఆ తర్వాత వేరేది కూడా చేశాను, అది నీకు చెప్పను.

వాడు చెంచాతో తింటూ కూడా నా సిగ్గు గురించి ఆలోచించాడు. ఆ పది మంది కుర్రాళ్ళని చూసినప్పుడు మనుషులు ఇంతకంటే పెద్దవాళ్ళు కాలేరనుకున్నాను. అంతకంటే పెద్దవాడు మనింట్లోనే, గుమ్మం ముందు కుర్చీలో, ఆరేళ్ళు కూర్చున్నాడు.

ఎందుకు అడగలేదని గదా నీ కోపం. అడగాలని రోజూ వచ్చేవాణ్ణి లిబ్బీ. దారంతా మాటలు కూర్చుకునేవాణ్ణి. తీరా గుమ్మం దగ్గరికొచ్చేసరికి వాడు నన్ను చూసి

మిలో వీధిలోంచి కేకేస్తున్నాడు, రైలు వంతెన దాటిందట, కోటు వేసుకోమంటున్నాడు. లుడ్విక్ నన్ను చూసి ప్రతి రోజూ, లిబ్బీ, నేనెవరో తెలియని రోజున కూడా, కుర్చీలో కాస్త పక్కకి జరిగి, నన్ను కూర్చోమని